రైలు నడిపిన బస్సులు

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మన పెద్దల మాట. మనుష్యుల భాగ్యము తలక్రిందులగుటను గూర్చి పుట్టిన సామెత యిది. కాని రవాణా వ్యాపారముల చరిత్ర చదువునపుడు ఇది అక్షరాల నిజమని తోచును. ఒక తరమున ఊరి ధాన్యమునంతయు మోసిన పడవ తరువాతి తరమున ఒడ్డున బోర్లపడి యుండును. ఒక తరమున జనము వింతగా చూచిన మోటారుబండి మరుసటి తరమున రైలుబండినే బెదరించును. సాధనములు మారుట సహజమే. వానిని నమ్ముకొని వ్యాపారము చేసినవారు ఏమైరి, మార్పు వచ్చినపుడు ఎవరు నిలిచిరి, ఎందువలన నిలిచిరి అనునదియే విచారింపదగిన విషయము. ఇందుకై మనము దూరదేశములకు పోనక్కరలేదు. తెలుగునాట కాలువలమీద నడచిన పడవల కథయు, హైదరాబాదు సంస్థానమున నడచిన నిజాము రైల్వే కథయు ప్రక్కప్రక్కన పెట్టి చూచిన చాలును.

మొదట కాలువల సంగతి చూతము. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియయ్యెను. డెల్టా రైతులు కాటన్ దొరను నేటికిని తలచుకొనునది పొలమునకు వచ్చిన నీటిని చూచి. కాని కాటన్ దృష్టిలో కాలువ పొలమునకు నీరిచ్చుటయేకాక పడవకు దారియు ఇయ్యవలెను. ప్రధానమైన కాలువలకు లాకులు కట్టినది అందుకే. చెన్నపట్టణమున 1806లో మొదలైన ఉప్పునీటి కాలువ క్రమముగా ఉత్తరమునకు సాగెను. 1876-78 నాటి గొప్ప కరవులో కూలిపని కల్పించుటకై కొంత భాగము త్రవ్వించిరి. నాటి గవర్నరు పేర అది బకింగుహాము కాలువయయ్యెను. సుమారు 420 కిలోమీటర్ల పొడవున సముద్రతీరము వెంట సాగు ఈ కాలువ పెదగంజాము వద్ద కృష్ణా కాలువలతో కలియును. కనుక కాకినాడలో పడవనెక్కినవారు సముద్రములోనికి పోకయే చెన్నపట్టణమున దిగగలిగిరి. బియ్యము, ఉప్పు, వంటచెరకు ఈ దారినే పోయెడివి. గాలి వాలుగా నున్నపుడు తెరచాప, లేనపుడు గట్టు వెంట తాడు పట్టి లాగు మనుష్యులు. ఇదియే నాటి రవాణా.

1899లో బెజవాడనుండి చెన్నపట్టణమునకు తీరము వెంట రైలు వచ్చెను. 1900లో రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలు వంతెన తెరచిరి. కాలువకు సమాంతరముగా, కాలువకంటె పలురెట్లు వేగముగా పోవు దారి ఏర్పడెను. నీటిమీద మోత రైలు మోతకంటె చవుకయని కాటన్ 1878లో పార్లమెంటు సంఘము ఎదుట వాదించియుండెను. టన్నుకు ఇంతయని లెక్కించినచో ఆ వాదములో బలము లేకపోలేదు. కాని వర్తకునకు కావలసినది చవుక ఒక్కటే కాదు. సరకు ఏ దినమున చేరునో తెలియవలెను. ఏటేట వేసవిలో మరమ్మతుల కొరకు కాలువలు కట్టివేయుదురు. ఆ దినములలో పడవ కదలదు. పైగా పడవలన్నిటికిని కలిపి ఒక సంస్థ లేదు. ఒక్కొక్క పడవకు ఒక్కొక్క యజమాని. పడవవాని చేతిలో నున్నది తెడ్డు ఒక్కటే. కాలువ సర్కారుది, నీరు రైతుది. మారవలెనని యనిపించినను, మారుటకు కావలసిన పెట్టుబడియు అధికారమును వానికి లేవు. అందుచేత పడవలవారు త్వరలేని సరకులనే నమ్ముకొని కొన్ని దశాబ్దములు నెట్టుకొని వచ్చిరి. పిమ్మట రోడ్లమీద లారీలు వచ్చి ఆ మిగిలిన బేరమును కూడ కొనిపోయెను. వారిది అసమర్థత యనుట న్యాయము కాదు. మార్పును చూచుట వేరు, మారగల స్థితిలో నుండుట వేరు. ఈ భేదమును మనస్సునందుంచుకొని నిజాము రైల్వే కథకు వత్తము.

హైదరాబాదు సంస్థానమునకు మొదటి రైలు 1874లో వచ్చెను. బొంబాయి-చెన్నపట్టణపు మార్గములోని వాడి స్టేషనునుండి సికింద్రాబాదునకు వేసిన మార్గమిది. దివాను మొదటి సాలార్జంగు కాలమున సంస్థానపు ధనముతో కట్టినది. అక్కడనుండి తూర్పునకు పొడిగింపవలెనన్నచో పెట్టుబడి చాలదు. 1883లో లండను నగరమున నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వే కంపెనీ ఏర్పడెను. పెట్టుబడిదారులకు ఇరువది యేండ్లపాటు నూటికి అయిదు చొప్పున వడ్డీ సంస్థానపు బొక్కసమునుండి ఇచ్చుటకు పూచీపడిరి. లాభము వచ్చినచో కంపెనీది, రానిచో నష్టము సంస్థానపు ప్రజలది. ఈ ఒప్పందపు షరతులను బయటపెట్టవలెనని హైదరాబాదులో కొందరు విద్యావంతులు ఆందోళన చేసిరి. చాందా రైల్వే ఆందోళనమని దానికి పేరు. నిజాము కళాశాలకు తొలి ప్రధానాచార్యుడును, సరోజినీ నాయుడుగారి తండ్రియునైన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు ఈ కారణముచేతనే ఆ యేడు సంస్థానమునుండి బహిష్కృతుడయ్యెను. రవాణా వ్యవహారములో ఎవరి డబ్బు, ఎవరి లాభము అను ప్రశ్న మన దేశమున అంత ప్రాతది.

కంపెనీ చేతిలో రైలుమార్గము పెరిగెను. 1886లో వరంగల్లును, 1889లో బెజవాడను చేరెను. ఇల్లెందు ప్రాంతపు సింగరేణి బొగ్గు గనులకు డోర్నకల్లునుండి శాఖామార్గము పడెను. పశ్చిమోత్తరమున మన్మాడు వరకు మీటరుగేజి మార్గము నడచెను. 1929లో కాజీపేట-బల్లార్షా మార్గము పూర్తియై ఉత్తరాపథమునకు దారి తెరచెను. 1930 ఏప్రిలులో నిజాము ప్రభుత్వము కంపెనీనుండి రైల్వేను కొని తన వశము చేసికొనెను. అర్ధశతాబ్దికి సమీపించిన కంపెనీ యాజమాన్యము ముగిసెను. సరిగా ఆ సమయముననే రైల్వేకు క్రొత్త ప్రత్యర్థి ఎదురాయెను. అదియే మోటారు బస్సు.

ఆ కాలమున దేశమంతటను రైల్వేలకు ఇదియే తలనొప్పి. దీని మర్మమును కొంచెము విడమరచి చెప్పుదుము. రైల్వే తన దారిని తానే వేసికొనవలెను, వంతెనలను తానే కట్టుకొనవలెను. స్టేషనులను, సిగ్నళ్లను, పట్టాలు సరిచేయు కూలీలను తానే పోషింపవలెను. బండిలో పదిమంది యున్నను, అయిదువందలమంది యున్నను ఈ ఖర్చు తగ్గదు. మోటారువానికి అట్లు కాదు. రోడ్డు సర్కారు వేసినదే. ఒక బండి కొనుటకు డబ్బు కూడినచో వ్యాపారము మొదలు. బస్సు ఊరి నడుమ మఱ్ఱిచెట్టు క్రింద ఆగి జనము నెక్కించుకొనును. రైలెక్కదలచినవారు ఊరికి రెండు మైళ్ల దూరముననున్న స్టేషనునకు నడచిపోవలెను. అందుచేత ముప్పది, నలుబది మైళ్ల ప్రయాణములలో జనము బస్సువైపు మొగ్గిరి. బొగ్గు, రాయి, ధాన్యము వంటి తక్కువ బాడుగ బరువులు రైల్వేకు మిగిలినవి. వెన్న మోటారు తినగా మజ్జిగ రైల్వేకు మిగిలెనన్న మాట.

ఇట్టి స్థితిలో రైల్వేవారికి మూడు దారులు గలవు. ఛార్జీలు తగ్గించి పోటీకి దిగుట మొదటిది. మోటారువానిని పన్నులచేతను నిబంధనలచేతను కట్టివేయుడని ప్రభుత్వమును వేడుట రెండవది. తానే బస్సులు కొని నడుపుట మూడవది. మొదటి దారి రెండువైపుల పదునైన కత్తి. ఛార్జీ తగ్గించినను తన ఖర్చు తగ్గదుగదా. రెండవ దారిలో ప్రజలకు మేలు లేదు. మూడవ దారి పట్టవలెనన్నచో రైల్వేవారు ముందుగా తమ్ము తాము ఒక ప్రశ్న వేసికొనవలెను. మన వ్యాపారము పట్టాలా, ప్రయాణమా? పట్టాలే వ్యాపారమైనచో బస్సు శత్రువు. ప్రయాణమే వ్యాపారమైనచో బస్సు మరియొక పనిముట్టు.

నిజాము రైల్వే మూడవ దారిని పట్టెను. 1932 జూనులో రైల్వేలోనే రోడ్డు రవాణా శాఖ యొకటి ప్రారంభమయ్యెను. మొదట 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లండు దేశపు గ్లాస్గోలో తయారైన ఆల్బియన్ బండ్లను తెప్పించిరి. ఆ నాటి ఆల్బియన్ బస్సు నొకదానిని తరువాతి తరముల వారు హైదరాబాదున జాగ్రత్తగా కాపాడుకొనుచు వచ్చిరి. మన ఆర్.టి.సి. బస్సుల నంబరు పలకమీద కనిపించు 'జడ్' అను అక్షరము కూడ ఆ నాటిదే యని ప్రతీతి. ఏడవ నిజాము తన తల్లి జహ్రా బేగము పేరులోని మొదటి అక్షరమును బస్సులకు పెట్టించెనని జనులు చెప్పుకొందురు. కథ యెట్టిదైనను, ఆ అక్షరము ప్రభుత్వములు మారినను చెరగలేదు.

ఇందులోని దూరదృష్టిని గ్రహించుటకు చుట్టుప్రక్కల ఏమి జరుగుచుండెనో చూడవలెను. ఇంగ్లండులో నాలుగు పెద్ద రైల్వే కంపెనీలు 1928లో చట్టముద్వారా రోడ్డుమీద బండ్లు నడుపు అధికారము సంపాదించి, బస్సు కంపెనీలలో వాటాలు కొనెను. బ్రిటిషు ఇండియాలో మిచ్చెల్, కిర్క్‌నెస్ అను ఇద్దరు అధికారులు రైలు-రోడ్డు పోటీని పరిశీలించి ఇచ్చిన నివేదిక 1933లో వెలువడెను. ఆ యేడే సిమ్లాలో ఈ విషయముపై ఒక మహాసభ జరిగెను. వారు చర్చించుచుండగనే హైదరాబాదు బస్సులు రోడ్డెక్కి ఏడాది కావచ్చెను. మరియొక విశేషము. 1960లో థియొడోర్ లెవిట్ అను అమెరికా ఆచార్యుడు హార్వర్డు వ్యాపార పత్రికలో ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. అమెరికా రైల్వేలు క్షీణించుటకు కారణము జనమునకు ప్రయాణపు అవసరము తగ్గుట కాదనియు, తమది రైళ్ల వ్యాపారమని తలచి, రవాణా వ్యాపారమని తలంపకపోవుటయే యనియు ఆయన వాదము. నేటికిని వ్యాపార శాస్త్ర విద్యార్థులు దానిని చదువుదురు. ఆ పాఠము అచ్చుకాకమునుపు ఇరువదియెనిమిది యేండ్ల క్రిందటనే మన హైదరాబాదులో ఆచరణకు వచ్చినది.

అయితే ప్రశంసతోపాటు రెండవవైపు కూడ చెప్పకపోయినచో చరిత్ర కాదు. నిజాము రైల్వే సర్కారువారి రైల్వే. లైసెన్సు ఇచ్చు చేయియు, బస్సు నడుపు చేయియు ఒక్క శరీరమునకే చెందినవి. ప్రభుత్వమే పోటీదారైనపుడు ప్రైవేటు మోటారుదారుడు ఎవరితో మొరపెట్టుకొనగలడు? రైల్వేకు మారగల పెట్టుబడియు, అధికారమును ఉండుటచేతనే అది మారగలిగెను. పడవవానికి లేనిదియు, రైల్వేకు ఉన్నదియు ఇదియే. కనుక ఈ విజయములో కొంత బుద్ధిబలము, కొంత అధికారబలము. రెంటిలో ఏది యెక్కువయని తూచుట కష్టము. కాని అధికారముండియు బుద్ధిలేక చెడిన సంస్థలు లోకమున కోకొల్లలు. ఆ మేరకు హైదరాబాదువారి బుద్ధిని మెచ్చుకొనవలసినదే.

మరియొక లాభము కలదు. పోటీలో నున్న బస్సుదారుడు రద్దీగల దారినే కోరుకొనును. రైలును బస్సును ఒకే చేతిలో నున్నచో, పట్టాలు లేని తాలూకా జనమును స్టేషనునకు చేర్చు బస్సు తనంత తాను నష్టపడినను, అది తెచ్చిన ప్రయాణికుడు రైలు టిక్కెట్టు కొనును. ఒక చేతి నష్టము మరియొక చేతి లాభములో కలిసిపోవును. రైలు వచ్చువేళకు బస్సు సిద్ధముగా నుండునట్లు వేళలు కుదుర్చుటకు ఎవరిని బతిమాలనక్కరలేదు. మారుమూల పల్లెకు ఇది చిన్న మేలు కాదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవై దేశమంతటను బస్సుల వెనుక బొగ్గు కుంపట్ల వంటి గ్యాసు యంత్రములు తగిలించి నడిపిరి. ఆ బొగ్గు బస్సుల ముచ్చటలు మన పల్లెలలో చిరకాలము చెప్పుకొనిరి. యుద్ధము ముగియునప్పటికి ఆకాశమార్గము కూడ వ్యాపారమునకు తెరచుకొనెను. 1945లో నిజాము ప్రభుత్వమును టాటాలును భాగస్వాములుగా దక్కను ఎయిర్‌వేస్ అను విమాన సంస్థ ఏర్పడెను. బేగంపేట విమానాశ్రయము దానికి స్థావరము. భారతదేశమున వర్తక విమానము నడుపు అర్హత పొందిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌గారికి ఉద్యోగమిచ్చినది ఈ సంస్థయే. రైలు, బస్సు, విమానము మూడును ఒకే దొరతనపు గొడుగు క్రిందికి వచ్చినవి. అంతటి సమన్వయము నాటి భారతదేశమున అరుదు.

ఆ గొడుగు ఎంతోకాలము నిలువలేదు. హైదరాబాదు భారతదేశమున విలీనమైన పిమ్మట 1950లో రైల్వే కేంద్ర ప్రభుత్వపు వశమాయెను. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసెను. బస్సుల శాఖ రైల్వేనుండి విడివడి రాష్ట్ర ప్రభుత్వము పాలబడెను. 1953లో విమాన సంస్థలను జాతీయము చేసినపుడు దక్కను ఎయిర్‌వేస్ మరి యేడు సంస్థలతోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. దేశమంతటికిని ఒకే రైల్వే, ఒకే విమాన సంస్థ కావలెనన్న సంకల్పము మంచిదే. కాని అన్నదమ్ములు వేరుపడిన ఇంటివలె మూడు సాధనములకు మూడు పొయ్యిలు ఏర్పడెను. రైలు దిగినవానికి బస్సు దొరకుట నాటినుండి వాని అదృష్టము.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1958 జనవరి 11న రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ, అనగా ఆర్.టి.సి., అవతరించెను. తెలంగాణమున అలవాటైన సర్కారు బస్సును కోస్తా జిల్లాలకు తీసికొనిపోవలెనని తలచిరి. కృష్ణాజిల్లాలో ప్రైవేటు బస్సుల యజమానులు అందుకు ఎదురుతిరిగి సుప్రీముకోర్టునకు పోయిరి. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసని న్యాయవాదులందరును ఎరిగిన వ్యాజ్యమిది. అభ్యంతరములు విన్నది శాఖ కార్యదర్శి. తీర్పు చెప్పినది ముఖ్యమంత్రి. వినువారొకరు, తీర్పు చెప్పువారు మరియొకరు అయినచో అది విచారణయే కాదని 1958 నవంబరులో కోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. ప్రభుత్వము తప్పును దిద్దుకొని ముఖ్యమంత్రియే స్వయముగా విని మరల ఉత్తరువు చేయగా, 1959లో అది నిలిచెను. నిజాము కాలమున మొరపెట్టుకొనుటకు చోటులేని బస్సుదారునికి స్వతంత్ర భారతమున చోటు దొరకినది. వాని వ్యాపారము నిలువకపోయినను, వాని మాట వినవలసిన విధి ప్రభుత్వమునకు ఏర్పడినది. మార్పు యెంత మేలైనదైనను, దానివలన నష్టపడువారి మాట వినక సాగింపరాదని ఈ తీర్పు మనకు నేర్పినది.

ఆ 27 బస్సుల సంస్థ పెరిగి పెరిగి 1999లో ప్రపంచమున అత్యధికముగా బస్సులు గల సంస్థగా గిన్నిస్ గ్రంథమున కెక్కెను. పెరిగిన చెట్టుకే గాలి యెక్కువ. ఇంటింటికి మోటారు సైకిళ్లు, వీధివీధికి ఆటోలు, రాత్రివేళ దూరప్రయాణములకు ప్రైవేటు బస్సులు వచ్చినవి. 1932లో రైల్వేకు బస్సు ఏమైయుండెనో, బస్సునకు నేడు ఇవి అట్లయినవి. రాష్ట్రవిభజన పిదప సంస్థ రెండయ్యెను. 2019లో తెలంగాణమున కార్మికులు యాబదిరెండు దినములు సమ్మె చేసిరి. 2020 జనవరినుండి ఆంధ్రప్రదేశములో ఆర్.టి.సి. ఉద్యోగులను ప్రభుత్వోద్యోగులుగా చేసిరి. సరకుల బట్వాడా వంటి క్రొత్త వ్యాపారములను సంస్థలు చేపట్టినవి. 2023 డిసెంబరులో తెలంగాణమునను, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశమునను స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితము చేసిరి. ఈ ఖర్చును ఎవరు భరింపవలెనను చర్చ 1883 నాటి ప్రశ్ననే మరల మన ముందుంచుచున్నది.

ఈ చరిత్రనుండి మాకు తోచిన సారాంశము ఇది. రవాణా సంస్థకు ఆస్తి పట్టాలు కాదు, బండ్లు కాదు, గ్యారేజీలు కాదు. ఊరినుండి ఊరికి పోవలసిన అవసరముగల మనుష్యుడే దాని ఆస్తి. సాధనము పాతబడును, అవసరము పాతబడదు. 2017 నవంబరులో హైదరాబాదున మెట్రో రైలు నడక మొదలైనపుడు అందరికిని తోచిన తొలి ప్రశ్న, స్టేషను దిగిన పిదప ఇల్లు చేరుట యెట్లు అనునదియే. అది 1932 నాటి ప్రశ్నయే. ఆ నాడు దానికి జవాబు చెప్పినవారు రైలును బస్సును ఒకే ప్రయాణములోని రెండు అడుగులుగా చూచిరి. నేడు ఆ అడుగులు వేరువేరు సంస్థల చేతులలో నున్నవి. అవి కలసి వేళలు కుదుర్చుకొన్ననాడు సామాన్యుని ప్రయాణము సుఖమగును.

ఇక పడవ మాట. కాకినాడనుండి పుదుచ్చేరివరకు గల కాలువలను, కృష్ణా గోదావరులలోని కొంతభాగమును కలిపి 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. పూడిన కాలువలో మరల పడవ నడచుట సులభము కాదు. కాని పెద్దల సామెతలో రెండు సగములు కలవు. ఓడలు బండ్లయినవి. బండ్లు ఓడలగు దినము కూడ రావచ్చును. వచ్చినపుడు పడవ నడుపువానికి తెడ్డుతోపాటు మారగల శక్తియు, మాట చెప్పుకొను చోటును ఈ సారియైనను దొరకవలెనని మా యాకాంక్ష.